చిలకమ్మ ఎవరి బొమ్మ?

ప్రశ్న: నమస్తే మేడం. ఈ దసరా సెలవుల్లో పది రోజులు దక్షిణ స్పెయిన్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, పదమూడేళ్ళ అమ్మాయి, ఏడేళ్ళ బాబు, మా అత్తగారు. బాబుకి ఒక గుడ్డ చిలక ఉంది. వాడు పుట్టినప్పుడు మా అమ్మ తన పాత ఆకుపచ్చ పట్టుచీర ముక్కతో కుట్టింది. పేరు చిలకమ్మ. వాడు ఎక్కడికెళ్ళినా అది ఉండాల్సిందే. రెండేళ్ళ క్రితం ఊటీలో మావారు సరదాగా దాని ఫొటో తీసి పెడితే అందరికీ నచ్చింది. అప్పటినుంచి చిలకమ్మకి ఒక పేజీ, దానికి అభిమానులు. ఇప్పుడు స్పెయిన్‌లో దాన్ని ఎక్కడెక్కడ కూర్చోబెట్టి ఫొటో తీయాలో నలభై చోట్ల లిస్టు రాసుకున్నారు. దానికి అక్కడి ఫ్లమెంకో నాట్యం గౌను కూడా ఆర్డర్ పెట్టారు. బాబేమో ఈమధ్య నాన్న ఫోన్ తీయగానే చిలకమ్మని చొక్కాలో దాచేస్తున్నాడు. అమ్మాయికి ఇదంతా నామోషీ. మా ఆడపడుచు "ఏడేళ్ళ మగపిల్లాడికి బొమ్మేంటి, ఇంట్లో వదిలేసి వెళ్ళండి" అంటోంది. నాకైతే అది అక్కడెక్కడో పోతే ఎలా అన్న టెన్షన్. అలాంటిదే ఇంకొకటి కుట్టించి దగ్గర పెట్టుకోమంటారా? మా ప్లాన్: మాలగా, నెర్హా, గ్రనాడా, కోర్డోబా, సెవిల్, కాడిజ్, జిబ్రాల్టర్, రోండా, మళ్ళీ మాలగా. ఇంతకీ బొమ్మని తీసుకెళ్ళాలా, వద్దా?
— ఒక అమ్మ, హైదరాబాద్
తా.క.: అక్కడ నిజం చిలకలు ఉంటాయా అని మా బాబు అడగమన్నాడు.

సమాధానం: తీసుకెళ్ళండి. మీరు అడిగిందానికి జవాబు ఆ ఒక్క మాటే. కానీ మీ ఉత్తరంలో అసలు సంగతి ఇంకోచోట ఉంది, మీరు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకి వెళ్ళిపోయారు. నాన్న ఫోన్ తీయగానే వాడు చిలకమ్మని చొక్కాలో దాచేస్తున్నాడు. ఏడేళ్ళవాడు ఇంతకంటే వివరంగా ఏం చెప్పగలడు? బొమ్మ వాడిది, పేజీ మీవారిది. ఆ రెండూ ఒకటేనని ఇంట్లో పెద్దవాళ్ళు అనుకుంటున్నారు. వాడు మాత్రం అనుకోవట్లేదు.

మీవారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు, నేనూ ఆ పనే చేశాను. మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు సెవిల్‌లో ప్లాసా దె ఎస్పాన్యాకి వెళ్ళాం. 1929 నాటి ఎగ్జిబిషన్ కోసం కట్టిన అర్ధచంద్రాకారపు భవనం అది. దాని పొడవునా స్పెయిన్‌లోని ఒక్కో ప్రావిన్సుకి ఒక్కో రంగుపలకల అరుగు ఉంటుంది. మా అమ్మాయి కుందేలుబొమ్మని ఒక అరుగు మీద కూర్చోబెట్టి "ఇంకొక్కటి, ఇంకొక్కటే" అంటూ ఎండలో ఇరవై నిమిషాలు ఫొటోలు తీశాను. ఫొటో బాగానే వచ్చింది. ఇప్పుడు చూస్తే, ఓ మూల మా అమ్మాయి వీపు కనిపిస్తుంది. మాకు వీపు తిప్పి, చేతులు కట్టుకుని కూర్చుంది. ఆరోజు నేను దాన్ని చూడనే లేదు.

డొనాల్డ్ విన్నికాట్ అని ఇంగ్లండులో ఒక పిల్లల డాక్టరు ఉండేవాడు. పసిపిల్లలు ఒక దుప్పటి ముక్కనో, గుడ్డబొమ్మనో పట్టుకుని వదలకపోవడం గురించి 1950ల మొదట్లోనే రాశాడు. ఆ వస్తువులో ఏదైనా మార్పు రావాలంటే అది పిల్లల చేతిమీదుగానే రావాలని, పెద్దవాళ్ళు దాన్ని మార్చకూడదని అంటాడు. ఉతికితే వాసన పోయిందని పిల్లలు ఎందుకంత ఏడుస్తారో దీన్నిబట్టి అర్థమవుతుంది. అలాంటి బొమ్మలు కాలక్రమంలో వాటంతటవే పక్కకి జరుగుతాయని కూడా ఆయనే అన్నాడు. మీ ఆడపడుచుగారికి ఈ చివరి మాట చెప్పండి చాలు. మగపిల్లాడు అన్న మాటకి జవాబు కూడా ఇవ్వక్కర్లేదు.

కాబట్టి గౌను వెనక్కి పంపేయండి. వాడే అడిగి తొడిగితే వేరే సంగతి.

ఫొటోల విషయంలో మీవారికి నాదో బేరం. చిలకమ్మ ఫొటోలు మానేసి, చిలకమ్మ చూసినవాటిని ఫొటో తీయమనండి. బొమ్మ ఫొటోలో ఉండదు, వాడి సంచీలోనో చొక్కాలోనో ఉంటుంది. రోజుకి ఐదు ఫొటోలు. ఏది తీయాలో వాడు చెప్పాలి, ఆయన తీయాలి. పేజీ ఎక్కడికీ పోదు, ఇంకా బాగుంటుందేమో కూడా. ఎందుకంటే ఏడేళ్ళవాడు మనం చూసేవి చూడడు. కోర్డోబాలో మెస్కీటాకి వెళ్తే మనమంతా తలెత్తి ఎరుపు తెలుపు కమానులు చూస్తాం. 785లో మొదలుపెట్టిన మసీదు, తర్వాత కథీడ్రల్, అంటే పెద్ద చర్చి అయింది, లోపల 850కి పైగా స్తంభాలు. అదే వాడికైతే స్తంభాల కింది భాగం కళ్ళెదురుగా ఉంటుంది. ఒకటి నల్లగా, ఒకటి ఎర్రగా, పక్కది మెలికలు తిరిగి కనిపిస్తాయి. పాత రోమన్ కట్టడాల నుంచి, వాళ్ళ తర్వాత అక్కడ ఏలిన విసిగోతుల కట్టడాల నుంచి స్తంభాలు తెచ్చి నిలబెట్టారు, అందుకే అవి ఒకేలా ఉండవు. అవి పొట్టివి కావడం వల్లే కప్పు ఎత్తు పెంచడానికి కమాను మీద కమాను కట్టారు. కింద చూస్తే గానీ పైన అలా ఎందుకుందో తెలియదు. అది ముందు మీవాడికే కనబడొచ్చు. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున్నే ఎనిమిదిన్నర నుంచి గంటసేపు టికెట్ లేకుండా లోపలికి వెళ్ళనిస్తారు. గుంపులు ఉండవు, నిశ్శబ్దంగా ఉంటుంది. అత్తగారిని ఆ సమయానికి తీసుకెళ్ళండి.

రోండా ఫొటో మీవారి లిస్టులో మొదటి ఐదింట్లో ఉండి ఉంటుందని నా అనుమానం. పుయెంతె నువేవో అంటే కొత్త వంతెన. కొత్తదంటే 1793లో పూర్తయినది! అంతకుముందు అక్కడే కట్టిన వంతెన 1741లో కూలిపోయింది. కింద దాదాపు వంద మీటర్ల లోయ. వంతెన పిట్టగోడ మీద బొమ్మని కూర్చోబెట్టి వెనక లోయ పడేలా ఫొటో తీయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడ గాలి ఊరుకోదు. పట్టుగుడ్డ చిలక ఎగరడానికి ఒక్క విసురు చాలు. ఆ ఫొటో మాత్రం తీయనివ్వకండి, ఈ ఒక్క విషయంలో నేను బేరానికి రాను.

ఇక మీ ప్లాన్. పది రోజుల్లో ఎనిమిది ఊళ్ళు, అందులో రెండు రోజులు విమానాలకే పోతాయి. మోకాళ్ళ నొప్పులున్నాయో లేవో మీరు రాయలేదు గానీ, అత్తగారి వయసు మనిషికి రోజూ పెట్టె సర్దుకోవడం శిక్ష. బొమ్మలు పోయేది కూడా ఇలా పెట్టెలు సర్దే పొద్దుటిపూటలే. మా కుందేలు అలాగే పోయింది. హోటల్ పేరు చెప్పను, పాపం వాళ్ళ తప్పేం లేదు. తెల్ల దుప్పట్లలో తెల్ల కుందేలు, గది ఖాళీ చేసే హడావిడిలో దుప్పట్లతో పాటు లాండ్రీకి వెళ్ళిపోయింది. మూడు రోజుల తర్వాత దొరికింది, ఉతికి ఇస్త్రీ చేసినంత పని అయింది. మా అమ్మాయి దాన్ని వాసన చూసి "ఇది కాదు" అంది. మీది ఆకుపచ్చది, అదొక అదృష్టం.

జిబ్రాల్టర్ తీసేయండి. అది స్పెయిన్ కాదు, బ్రిటన్ అధీనంలో ఉన్న చోటు. వెళ్ళి రావడానికి మన పాస్‌పోర్టుకి అప్పటి నియమాలేమిటో కనుక్కునే లెక్కలన్నీ ఒక్క పూట కోసం పడాలి. పైగా ఆ కొండ మీద కోతులున్నాయి, తోకలేని బార్బరీ కోతులు. తిరుమల మెట్లదారిలో కోతిని చూసినవాళ్ళకి వాటి సంగతి నేను చెప్పక్కర్లేదు. సంచీలు లాగేస్తాయి. చేతిలో రంగురంగుల గుడ్డబొమ్మ ఉన్న పిల్లాడు కనిపిస్తే ఊరుకుంటాయా?

కాడిజ్ మంచి ఊరు, అయినా ఈసారికి వద్దు. మాడ్రిడ్‌లో దిగితే సెవిల్‌కి స్పీడు రైల్లో రెండున్నర గంటలు. అక్కడ మూడు రాత్రులు ఉండి, మధ్యలో ఒకరోజు రోండా బస్సులో వెళ్ళిరండి. సెవిల్ నుంచి కోర్డోబాకి రైల్లో ముప్పావుగంటే, అక్కడ రెండు రాత్రులు. కోర్డోబా నుంచి గ్రనాడాకి గంటన్నర పైచిలుకు, అక్కడ మూడు రాత్రులు. మూడు హోటళ్ళు, మూడుసార్లే పెట్టె సర్దడం. నెర్హా గుహల కోసం పిల్లలు గొడవ చేస్తే గ్రనాడా నుంచి ఒకరోజు వెళ్ళి రావచ్చు. గొడవ చేసే అవకాశం ఉంది, ఎందుకంటే 1959లో ఆ గుహని కనిపెట్టింది ఐదుగురు కుర్రాళ్ళు. గబ్బిలాల కోసం వెళ్ళి లోపలికి దూరారు. అక్టోబరు 12 స్పెయిన్ జాతీయ దినం, ఆ చుట్టుపక్కల రోజుల్లో రైళ్ళూ గదులూ ముందే నిండిపోతాయి. తేదీలు చూసుకుని బుక్ చేయండి.

అన్నిటికంటే ముందు బుక్ చేయాల్సింది అల్హంబ్రా, గ్రనాడాలో కొండ మీది పాత రాజుల కోట. విమానం టికెట్లతో పాటే చూడండి, వారాల ముందే అయిపోతాయి. టికెట్ మీద పేరు, పాస్‌పోర్ట్ నంబరు ఉంటాయి, అసలు పాస్‌పోర్టులు చేతిలో ఉండాలి. పన్నెండేళ్ళలోపు పిల్లలకి డబ్బు ఉండదు గానీ టికెట్ తీసుకోవాలి. లోపలున్న నస్రిద్ వంశపు రాజమందిరాల్లోకి మీకు ఇచ్చిన టైముకే వెళ్ళాలి. ముఖద్వారం నుంచి అక్కడికి నడక పావుగంట పైనే. అత్తగారితో, బాబుతో అయితే అరగంట అనుకోండి. ఆ టైము దాటితే ఎంత బతిమాలినా పంపరు. మీవారు దారిలో నలభై ఫొటోల లిస్టు తెరిచారంటే సింహాల ప్రాంగణం ఫొటోల్లోనే చూసుకోవాలి. అక్కడ ఫౌంటెన్ చుట్టూ 12 పాలరాతి సింహాలు ఉంటాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ కావు. మొహాలు, జూలు, కాళ్ళు తేడాగా చెక్కారు. చిలకమ్మకి ఏ సింహం నచ్చిందో వాడు చెప్పాలి, మీవారు దాన్ని తీయాలి. గోడలని, స్తంభాలని ముట్టుకోనివ్వరు, బొమ్మని వాటికి ఆనించడం కూడా వద్దు. వీపున సంచీ ఉంటే ముందువైపు వేసుకోమంటారు. చిలకమ్మ సంచీ ఎలాగూ వాడి పొట్ట మీదే ఉంటుంది కదా.

గ్రనాడాలో ఇంకో సంగతి ఉంది, అది మన చిలకకే సరిగ్గా సరిపోతుంది. స్పానిష్‌లో గ్రనాడా అంటే దానిమ్మ. ఊరి చిహ్నం కూడా దానిమ్మే. వీధి పక్క ఇనుప స్తంభాల మీద, పలకల మీద, ఫౌంటెన్ల మీద, నీలంరంగు పింగాణీ పళ్ళేల మీద ఎక్కడ చూసినా దానిమ్మకాయే. అల్హంబ్రాకి నడిచి ఎక్కే దారిలో దానిమ్మల ద్వారం అని ఒక పాత ద్వారమే ఉంది. చిలకకి దానిమ్మ అంటే ఎంత ఇష్టమో మీవాడికి చెప్పి వదిలేయండి. ఊరంతా లెక్కపెట్టుకుంటూ నడుస్తాడు, "కాళ్ళు నొప్పి" అన్న మాట రాదు. అక్టోబరులో బజారులో నిజం దానిమ్మలూ దొరుకుతాయి.

నడక సంగతి వచ్చింది కాబట్టి, సెవిల్‌లో హిరాల్డా గోపురం గురించి. ఒకప్పటి మసీదు మీనారు, ఇప్పుడు కథీడ్రల్ గంటల గోపురం, వంద మీటర్ల పైన ఎత్తు. అజాన్ ఇచ్చే మనిషి గుర్రం మీద ఎక్కడానికి వీలుగా లోపల మెట్లు కాకుండా వాలుగా దారి కట్టారని చెబుతారు. మెట్లు లేవు కదా అని అత్తగారిని ఎక్కించకండి. లిఫ్టు లేదు, అలాంటి వాలుదారులు 35 ఉన్నాయి, చివర్లో మళ్ళీ మెట్లు. ఆవిడా మీరూ కింద కథీడ్రల్‌లో కొలంబస్ సమాధి చూస్తూ కూర్చోండి. నలుగురు రాజభటులు భుజాల మీద శవపేటిక మోస్తున్నట్టు ఉంటుంది. పల్లకీ మోస్తున్నట్టే ఉందని ఆవిడ అనకపోతే అడగండి.

తిండి గురించి మీరు అడగలేదు, అడిగినట్టే అనుకుని రెండు ముక్కలు. రాత్రి భోజనం తొమ్మిదికి ముందు సరిగ్గా దొరకదు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా చిన్న షాపులు మూసేస్తారు. ఊరుతో పోట్లాడకుండా మీరూ ఆ టైములో గదికి వెళ్ళి పడుకోండి. చిలకమ్మకి నిద్రొస్తోందని చెబితే వాడూ పడుకుంటాడు. రాత్రి పదింటికి కూడా కూడళ్ళలో పిల్లలు బంతాట ఆడుతుంటారు, మీవాడు వాళ్ళలో కలిసిపోతాడు. శాకాహారులైతే "హమోన్ (పంది మాంసం) వద్దు, ట్యూనా (చేప) వద్దు" అని విడివిడిగా చెప్పాలి. శాకాహారం అంటే చేప తినొచ్చనుకునేవాళ్ళు అక్కడ తక్కువేం కాదు. సెవిల్‌లో పాలకూర, శనగల కూర దొరుకుతుంది. జీలకర్ర వాసన వస్తుంది, అత్తగారు తింటారు.

ఇప్పుడు మీ టెన్షన్. ఇంకొకటి కుట్టించి దాచుకోకండి. పిల్లల్ని మోసం చేయడం కుదరదు. 2008లో బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీని మీద ఒక పరిశోధన అచ్చువేశారు. ఏ వస్తువునైనా అచ్చు అలాంటిదే ఇంకొకటి చేసే మెషీను అని చెప్పి చిన్నపిల్లలకి ఒక పెట్టె చూపించారు. మామూలు ఆటవస్తువులైతే పిల్లలు కొత్తదానికి సరే అన్నారు. రాత్రి పక్కలో పెట్టుకునే బొమ్మ అయితే చాలామంది "నాదే నాకు ఇవ్వండి" అన్నారు. కొందరైతే దాన్ని ఆ పెట్టెలో పెట్టడానికే ఒప్పుకోలేదు. 

దానికి బదులు ఇంకో పని చేయండి. అమ్మగారి దగ్గర ఆ చీర ముక్క ఏమైనా మిగిలి ఉంటే చిలకమ్మ కడుపు కింద చిన్న జేబు కుట్టించండి. కుట్టేముందు వాడినడగాలి సుమా. అందులో మీ ఫోన్ నంబరు 91తో సహా రాసిన గుడ్డ పట్టీ పెట్టండి. జాడ చెప్పే చిన్న బిళ్ళలు దొరుకుతున్నాయి కదా, అవీ పెట్టొచ్చు. హోటల్ మారే రోజు గది తలుపు దగ్గర నిలబడి గట్టిగా లెక్కపెట్టండి: పాస్‌పోర్టులు ఐదు, ఫోన్లు ఇన్ని, చిలక ఒకటి. ఎయిర్‌పోర్టులో చిలకమ్మ కూడా ట్రేలో పడుకుని మెషీన్‌లోంచి వెళ్ళాలని ముందే చెప్పి, ఇంట్లో ఒకసారి ఆడించండి. అక్కడ లైన్లో తెలిస్తే గోల ఖాయం. ఇంత చేసినా పోవచ్చు. అప్పుడు వాడితో కలిసి వెతకండి, వాడితో కలిసి ఏడవండి. "ఇంకోటి కొంటాలే" అని మాత్రం అనకండి.

మీ అమ్మాయి గురించి చివర్లో రాస్తున్నానని చిన్నచూపు అనుకోకండి. ఫొటోల బేరం కుదిరితే ఆ నామోషీ సగం పోతుంది. మిగతా సగానికి, ఒక సాయంత్రం తనని మాత్రమే తీసుకుని అల్బైసిన్ వీధుల్లో నడవండి. గ్రనాడాలో అల్హంబ్రాకి ఎదురుకొండ అది. చిలకా లేదు, తమ్ముడూ లేడు. తనకి చెప్పడానికి నా దగ్గర ఒక కథ కూడా ఉంది, అది మీ తా.క.కి జవాబుతో కలిపే ఉంది. అందుకని ఇక్కడినుంచి ఉత్తరం పిల్లలకి ఇచ్చేయండి.

బాబూ, ఉన్నాయి. సెవిల్‌లో మరియా లూయిసా పార్కు అని ఉంది. అక్కడి చెట్ల మీద మన రామచిలుకలే ఉన్నాయి, మన జామచెట్టు మీద వాలేవే, మగవాటికి మెడలో నల్ల, గులాబీరంగు పట్టీ ఉంటుంది చూడు, అవే. ఎప్పుడో ఎవరో పంజరాల్లో తెచ్చుకుంటే తప్పించుకున్నాయి, అక్కడే గూళ్ళు పెట్టుకుని పిల్లల్ని చేశాయి. అక్కకీ చెప్పు, వాటివల్ల ఆ పార్కులో గొడవలు కూడా ఉన్నాయి. యూరప్‌లో అన్నిటికంటే పెద్ద గబ్బిలం ఆ చెట్ల తొర్రల్లోనే ఉంటుంది. రాత్రిపూట ఆకాశంలో ఎగిరే చిన్న పిట్టల్ని కూడా పట్టి తినేంత మొండిది. అలాంటి గబ్బిలాల్ని మన చిలకలు ముక్కుతో పొడిచి తరిమేసి తొర్రలు లాక్కుంటున్నాయి, అక్కడి సైంటిస్టులు దాని గురించి పేపర్లు రాశారు. స్పానిష్‌లో చిలకని లోరో అంటారు, ఇలాంటి చిన్నవాటిని కొతోర్రా అంటారు. ఎవరైనా నీ చేతిలో ఉన్నదేంటని అడిగితే చెప్పు. సాయంత్రం పొద్దు వాలే వేళకి ఆ పార్కుకి వెళ్ళి పెద్ద చెట్ల కింద నిలబడు. ముందు అరుపులే వినిపిస్తాయి, తర్వాత చూస్తే కనిపిస్తాయి. అప్పుడు చిలకమ్మని చొక్కాలోంచి బయటికి తీయాలా వద్దా అన్నది నీ ఇష్టం.